కోర్టులో కోడి, బోనులో పిల్లి: జంతువుల మిస్టరీ గేముల్లో మీకు నప్పేది ఏది?

ఏవియరీ అటార్నీ అనే కంప్యూటర్ గేమ్ ఆడినవాళ్లను నలుగురిని అడిగితే నాలుగు రకాల మాటలు వినిపిస్తాయి. ఇంత అందమైన బొమ్మలున్న గేమ్ ఇంకోటి చూడలేదని ఒకరంటారు. జోకులకు పడీ పడీ నవ్వామని ఇంకొకరంటారు. సాక్ష్యం దొరక్క కేసు ఓడిపోయి, చిరాకేసి ఆపేశామని మరొకరంటారు. అంతా బాగుంది కానీ తొందరగా అయిపోయిందని బాధపడేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఎవరి మాటా అబద్ధం కాదు. ఒక్కొక్కరు ఒక్కో ఆశతో గేమ్ తెరిచారు, అంతే తేడా.

హన్మకొండలో ఇలాంటి కథల గేములు ఆడేవాళ్లం ఎక్కువమందిమి లేము. ఎన్.ఐ.టి. హాస్టల్ కుర్రాళ్లు కొందరు, సుబేదారిలో లా చదివే మా చెల్లెలి స్నేహితులు కొందరు, ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి ఓ గంట ఆడుకునే నాలాంటి వాళ్లు కొందరు. ఎవరు కలిసినా అడిగేది ఒకటే: "అన్నా, ఏవియరీ అటార్నీ కొనాల్నా, ఇంకేదన్నా ఉందా?" అందుకే దాన్నీ, దాని పక్కన నిలబెట్టదగిన మరో నాలుగు గేముల్నీ ఇక్కడ పోల్చి చెబుతున్నాను. ఏస్ అటార్నీ ట్రిలజీ, డక్ డిటెక్టివ్, ఫ్రాగ్ డిటెక్టివ్, చికెన్ పోలీస్. ఏస్ అటార్నీలో పాత్రలు మనుషులే. కానీ ఈ కోర్టు ఆటలకు దారి వేసింది అదే కాబట్టి దాన్ని వదిలేసి పోల్చడం కుదరదు.

ముందు దేన్ని చూడాలి

బొమ్మలు, పాటలు, రేటింగులు తర్వాత చూడొచ్చు. అన్నిటికంటే ముందు చూడాల్సింది, మీరు తప్పు ఊహిస్తే గేమ్ ఏం చేస్తుంది అన్నది. మిస్టరీ గేములో తప్పు చేయనివాళ్లుండరు. ఆ తప్పుకు ఒక గేమ్ మిమ్మల్ని వెనక్కి పంపుతుంది. ఒకటి ఓడిపోనిచ్చి కథను అలాగే ముందుకు నడిపిస్తుంది. ఇంకొకటి "మళ్లీ ఆలోచించు" అని ఊరుకుంటుంది. నేను విన్న ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే పుట్టాయి. ఓడిపోతే తట్టుకోలేని మనిషి ఓడించే గేమ్ కొనుక్కుంటే ఆ గేమ్ చెడ్డదనే అనిపిస్తుంది.

రెండోది ఇంగ్లీషు. ఈ ఐదింటిలో ఒక్కటీ తెలుగులో లేదు. కాబట్టి గేములో మాటలు వినిపిస్తాయా, రాతలో మాత్రమే ఉంటాయా అన్నది మనకు పెద్ద విషయం. డబ్బింగ్ ఉంటేనే సులువు అని చాలామంది అనుకుంటారు. నాకైతే తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లకు రాత గేములే హాయి. మీరు నొక్కేదాకా వాక్యం అక్కడే ఆగి ఉంటుంది. అర్థం కాని మాటను ఫోన్‌లో చూసుకుని వచ్చినా కథ మీకోసం కాచుకునే ఉంటుంది.

మూడోది, నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది అన్నది. మాటల శ్లేషలో ఉందా, పాత్రల తీరులో ఉందా, సన్నివేశంలో ఉందా? శ్లేష మీద నడిచే హాస్యం ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే పూర్తిగా అందుతుంది. పాత్రల మీద నడిచేది అందరికీ అందుతుంది. ఇక నాలుగోది సమయం. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పట్టికలో ఉంది.

ఏవియరీ అటార్నీ

స్కెచీ లాజిక్ అనే చిన్న స్టూడియో దీన్ని 2015 డిసెంబరులో కంప్యూటర్లకు విడుదల చేసింది. 2020లో నింటెండో స్విచ్ అనే గేముల పరికరానికి వచ్చింది. కథ 1848 నాటి పారిస్‌లో జరుగుతుంది. అక్కడ అందరూ కోట్లు, టోపీలు వేసుకున్న జంతువులే. మీరు జేజే ఫాల్కన్ అనే డేగ వకీలు. మంచి మనసున్నవాడు, పనితనం మాత్రం అంతంతే. పక్కన స్పారోసన్ అనే పిచ్చుక అసిస్టెంటు. అతని నోటికి తాళం ఉండదు. మొదటి క్లయింటు హత్య కేసులో ఇరుక్కున్న ఓ పెద్దింటి పిల్లి. ఎదుటి పక్షాన వాదించేది ఓ కోడిపుంజు.

బొమ్మల్ని అందరూ మెచ్చుకుంటారు. ఎందుకంత బాగుంటాయో తెలిస్తే ఇంకా నచ్చుతాయి. అవి ఈ గేము కోసం గీసినవి కావు. జె.జె. గ్రాన్‌విల్ అనే ఫ్రెంచి చిత్రకారుడు 1840ల్లో గీసినవి. ఆయన మొదట్లో రాజకీయ కార్టూన్లు వేసేవాడు. 1835లో ఫ్రాన్స్ ప్రభుత్వం అలాంటి కార్టూన్లకు సెన్సారు పెట్టాక పుస్తకాల బొమ్మల వైపు మళ్లాడు. మనిషి ఒంటికి జంతువు తల పెట్టి, ఆనాటి పెద్దమనుషుల్నీ లాయర్లనూ వడ్డీ వ్యాపారులనూ ఎత్తిపొడుస్తూ గీశాడు. 1847లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే జనం తిరగబడి లూయీ ఫిలిప్ రాజును గద్దె దింపారు. గేము కథ సరిగ్గా ఆ రోజుల్లోనే నడుస్తుంది. ఆ సమాజాన్ని చూసి గీసిన జంతువులే ఆ సమాజం కథలో పాత్రలయ్యాయన్నమాట. వెనక వినిపించే సంగీతం కూడా ఫ్రెంచి సంగీతకర్త సాన్-సాన్స్‌దే. నా దృష్టిలో ఈ గేము అసలు విలువ ఇక్కడే ఉంది. జోకులు కొన్నాళ్లకు మర్చిపోతాం. ఆ డేగ ముఖం గుర్తుండిపోతుంది.

ఇక ఆట సంగతి. విచారణకు ముందు మీకు కొన్ని రోజులే ఉంటాయి. పారిస్ మ్యాపులో ఎక్కడికి వెళ్లాలో మీరే ఎంచుకోవాలి. వెళ్తే సమయం ఖర్చవుతుంది. అన్నిచోట్లకూ వెళ్లేంత వ్యవధి ఇవ్వరు. తప్పు చోటికి వెళ్తే అవసరమైన సాక్ష్యం దొరక్కుండానే కోర్టు మెట్లెక్కాలి. కోర్టులో సాక్షి మాటల్లో పొసగని చోటు పట్టుకుని, చేతిలో ఉన్న సాక్ష్యం చూపించాలి. జ్యూరీని, అంటే తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందాన్ని, మీవైపు తిప్పుకోవాలి. ఓడిపోతే? గేమ్ ఆగదు. ఓడిన వకీలుగానే కథ ముందుకు సాగుతుంది. మీరు చేసిన పనుల్ని బట్టి ముగింపు మూడు దారుల్లో ఒకదానికి వెళ్తుంది.

ఆడినవాళ్లు రెండుగా చీలిపోయేది ఇక్కడే. "నిజం వకీలు జీవితం ఇట్లనే ఉంటది" అనేవాళ్లు దీన్ని నెత్తిన పెట్టుకుంటారు. "సాక్ష్యం ఎక్కడుందో ముందే ఎట్ల తెలుస్తది, ఇది అన్యాయం" అనేవాళ్లు మధ్యలో వదిలేస్తారు. రెండో వాదనలోనూ బలం ఉంది. వెనక్కి వెళ్లి సరిచేసుకోవాలంటే చదివిన సంభాషణల్నే మళ్లీ దాటుకుంటూ రావాలి. ఏ కబురూ వదలకుండా అన్నీ చూడాలనే పట్టుదల ఉన్నవాళ్లకు ఇది నిజంగా టెన్షన్. అయినా నేను మొదటి పక్షమే. ఓడిపోయే వీలుంది కాబట్టే ఇందులో గెలిచిన కేసుకు అంత బరువు. పైగా ఆ కాలంలో హత్యా నేరానికి గిలెటిన్ (తల నరికే యంత్రం) శిక్ష పడే ప్రమాదం ఉండేది. సరదాగా మొదలైన కథ ఆ బరువును దాచిపెట్టదు.

మరొక మాట. వీధుల్లో జనం, లోపల కోర్టు, రెండింటి మధ్య నలిగే వకీలు. తెలంగాణ ఉద్యమాన్ని దగ్గర నుంచి చూసిన వరంగల్ వాళ్లకు ఈ కథ రెండో సగం వేరేగా తగులుతుంది. చట్టం పక్కన నిలబడాలా, జనం పక్కనా అన్న ప్రశ్న ఇక్కడ చాలా ఇళ్లలో భోజనాల దగ్గర నలిగిందే. పక్షుల జోకుల గేమ్ అనుకుని తెరిచినవాళ్లు ఈ మలుపుకు సిద్ధంగా ఉండరు. చివరికి వచ్చేసరికి నవ్వు తగ్గిపోయిందని కొందరు అనేది అందుకే. నాకైతే అక్కడే గేమ్ పెద్దదైంది.

జ్యూరీ గురించి మా చెల్లెలికి మొదట్లోనే అనుమానం వచ్చింది: "జడ్జి ఉన్నడు కదన్నా, మళ్ల వీళ్లెవరు?" మన దగ్గరా ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959లో నేవీ అధికారి నానావతి మీద వచ్చిన హత్య కేసు తర్వాత ఆ పద్ధతి క్రమంగా పోయింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో దానికి చోటే ఇవ్వలేదు. అందుకే మన కోర్టుల్లో జడ్జికి చెప్పే వాదన ఒక తీరు, ఈ గేములో వాదన ఇంకో తీరు. ఇక్కడ తర్కం ఎంత ముఖ్యమో మెప్పించడమూ అంతే ముఖ్యం.

మాటలన్నీ రాతలోనే ఉంటాయి, గొంతులు లేవు. శ్లేషలు మాత్రం విపరీతం. సగం జోకులు పక్షుల పేర్ల చుట్టూ తిరుగుతాయి. ఇంగ్లీషు మీద కొంత పట్టు లేకపోతే ఆ సగం పోయినట్టే. కథకు మాత్రం లోటుండదు.

ఏస్ అటార్నీ ట్రిలజీ

క్యాప్‌కామ్ కంపెనీలో షు టకుమి రూపొందించిన ఈ వరుసలో మొదటిది 2001లో జపాన్‌లో వచ్చింది. మూడు గేములను కలిపిన ట్రిలజీ 2019లో కంప్యూటర్లకు, 2022లో కొత్త రూపంలో ఫోన్లకు వచ్చింది. మొత్తం 14 కేసులు. జంతువులు కావాలనేవాళ్లకు ఒక ఊరట ఉంది. మొదటి గేములో ఓ కేసులో చిలుకను సాక్షిగా నిలబెట్టి క్రాస్ ఎగ్జామినేషన్ చేయాల్సి వస్తుంది. సిరీస్ మొత్తంలో జనం ఎక్కువగా చెప్పుకునే ఘట్టాల్లో అదొకటి.

దీని బలం ఏంటో మొదటి కేసే చూపిస్తుంది. సాక్షి శవాన్ని మధ్యాహ్నం 1 గంటకు చూశానంటాడు. పోస్టుమార్టం రిపోర్టు ప్రకారం చావు జరిగింది 4 గంటలు దాటాక. నిలదీస్తే, టైము టీవీలో విన్నానని మాట మారుస్తాడు. ఆ సమయానికి ఆ బిల్డింగులో కరెంటు లేదని మీ దగ్గర కాగితం ఉంది. మా చెల్లెలు కాగితం వంక చూడను కూడా చూడలేదు. "కరెంటు లేనప్పుడు టీవీ ఎట్ల నడిచిందన్నా, అడుగు వాన్ని!" అని అరిచింది. అడిగాం. వాడి ముఖం మాడిపోయింది. అబద్ధం ఒక్కో పొర ఊడుతుంటే కలిగే ఆ తృప్తిని ఏస్ అటార్నీ ఇచ్చినంతగా మిగతా నాలుగింటిలో ఏదీ ఇవ్వదు. ఏవియరీ అటార్నీ కూడా ఇవ్వదు.

తప్పు చేస్తే మాత్రం ఇది కఠినం. తప్పు సాక్ష్యం చూపించిన ప్రతిసారీ శిక్ష పడుతుంది. శిక్షలు మితిమీరితే తీర్పు వచ్చేస్తుంది, గేమ్ అక్కడితో ముగుస్తుంది, వెనక్కి వెళ్లి మళ్లీ ఆడాలి. ఆడినవాళ్లలో ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు కూడా ఇదే. జవాబు మనకు తెలిసే ఉంటుంది, కానీ రాసినవాళ్లు అనుకున్న కాగితాన్నే, వాళ్లు అనుకున్న వాక్యం దగ్గరే చూపించాలి. న్యాయం సంగతికొస్తే, క్లయింటు తప్పు చేయలేదని అనుమానం రేకెత్తిస్తే చాలదు, దాదాపు ప్రతి కేసులో అసలు హంతకుణ్ణీ మీరే పట్టుకోవాలి. నేరం రుజువు చేయాల్సిన భారం ప్రాసిక్యూషన్‌దని చదువుకునే లా విద్యార్థులకు ఇది ఒళ్లు మండించే సంగతి.  జపాన్‌లో కేసు కోర్టుకెళ్తే 99 శాతానికి పైగా శిక్షలే పడతాయన్న విమర్శ మీద అల్లిన వెటకారంగా దీన్ని చాలామంది చూస్తారు.

డక్ డిటెక్టివ్: ది సీక్రెట్ సలామీ

2024లో వచ్చింది, జర్మనీ వాళ్లు చేసింది. కోర్టు లేదు. భార్య వదిలేసిన, రొట్టె వ్యసనం ఉన్న ఓ బాతు డిటెక్టివ్ ఒక బస్సు కంపెనీ ఆఫీసుకు వెళ్లి, ఎవరిదో సలామీ (ఉప్పు, మసాలా పట్టించి ఎండబెట్టిన మాంసం) ఎవరు కాజేశారో కనిపెట్టాలి. కేసు చిన్నది. బాతు దాన్ని తీసుకునే తీరు మాత్రం మహా గంభీరం. నవ్వంతా ఆ గాంభీర్యంలో ఉంది కాబట్టి శ్లేషలు అందకపోయినా నవ్వొస్తుంది.

ఆడే పద్ధతి చాలా బాగుంటుంది. ఒక్కొక్కరిని దగ్గరగా చూసి ఆనవాళ్లు పట్టుకోవాలి. అలా దొరికిన మాటలతో నోటుబుక్కులోని ఖాళీలు నింపాలి. పదో తరగతిలో ఖాళీలు పూరించని వాళ్లు మనలో ఎవరూ లేరు కాబట్టి ఎవరికీ నేర్పాల్సిన పనిలేదు. తప్పు రాస్తే శిక్ష లేదు, మళ్లీ రాసుకోవచ్చు. ఎక్కువ సాయం చేసే సులువు మోడ్ కూడా ఉంది. గొంతులున్నాయి, కింద రాతా కనిపిస్తుంది. రెండు మూడు గంటల్లో అయిపోతుంది. "అప్పుడే అయిపోయిందా" అన్నది ఒక్కటే దీని మీద నేను విన్న ఫిర్యాదు. 2025లో రెండో భాగం వచ్చింది కాబట్టి ఆ బాధా కొంత తీరుతుంది.

ఫ్రాగ్ డిటెక్టివ్, చికెన్ పోలీస్

ఫ్రాగ్ డిటెక్టివ్ ఆస్ట్రేలియా వాళ్లది. 2018, 2019, 2022ల్లో మూడు చిన్న భాగాలుగా వచ్చింది. లోకంలో రెండో ఉత్తమ డిటెక్టివ్ అయిన ఓ కప్ప దెయ్యాల దీవి లాంటి చోట్ల తిరుగుతూ అందరినీ మర్యాదగా పలకరిస్తుంది. ఒకరికి కావాల్సింది ఇంకొకరి దగ్గర తెచ్చిస్తే కేసు తేలిపోతుంది. ఓటమి అన్నదే లేదు. బుర్రకు పని కావాలనేవాళ్లు దీని జోలికి పోవద్దు. ఎనిమిదేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో మాటా తెలుగులో చదివి వినిపించాలంటే మాత్రం దీన్ని మించింది లేదు. వాక్యాలు చిన్నవి, ఇంగ్లీషు తేలిక, పాత్రలన్నీ మంచివాళ్లే.

చికెన్ పోలీస్ దీనికి పూర్తిగా ఎదురు. 2020లో హంగరీ వాళ్లు చేశారు. బొమ్మంతా నలుపు తెలుపు, ఫొటోల్లాంటి మనుషుల ఒళ్లకు జంతువుల తలలు. రిటైర్మెంటుకు దగ్గరైన ఓ కోడిపుంజు పోలీసు, అతని పాత జోడీ. మందు, పెద్దల మాటలు చాలా ఉన్నాయి. ఇంట్లో అందరి ముందూ పెట్టుకునే గేమ్ కాదు. ఇంటరాగేషన్‌లో మీ ప్రశ్నల తీరుకు మార్కులు పడతాయి. గొంతులు అద్భుతం, కానీ అమెరికా యాసలో గబగబా సాగుతాయి. పాత పోలీసు సినిమాలు ఇష్టపడే పెద్దవాళ్లకు నచ్చుతుంది. కోర్టు వాదనల కోసం వెతికేవాళ్లకు ఇందులో దొరికేది తక్కువ.

| గేమ్ | కోర్టు | తప్పు చేస్తే | సుమారు సమయం | ఇంగ్లీషు బరువు |
|---|---|---|---|---|
| ఏవియరీ అటార్నీ | ఉంది, జ్యూరీతో | ఓడిపోవచ్చు, కథ సాగుతుంది | ఒక దారికి 6–8 గంటలు | ఎక్కువ, రాత మాత్రమే |
| ఏస్ అటార్నీ ట్రిలజీ | ఉంది, జడ్జి ఒక్కడే | శిక్షలు, వెనక్కి వెళ్లి మళ్లీ ఆట | 60 గంటల దాకా | మధ్యస్థం, దాదాపు అంతా రాత |
| డక్ డిటెక్టివ్ | లేదు | శిక్ష లేదు, మళ్లీ రాయొచ్చు | 2–3 గంటలు | తక్కువ, గొంతు ప్లస్ రాత |
| ఫ్రాగ్ డిటెక్టివ్ | లేదు | తప్పన్నదే లేదు | మూడూ కలిపి 4 గంటలు | చాలా తక్కువ |
| చికెన్ పోలీస్ | లేదు | మార్కులు తగ్గుతాయి | 10 గంటలు | చాలా ఎక్కువ, గొంతు ప్లస్ రాత |

ఎవరికి ఏది

ఇలాంటి గేమ్ ఇంతవరకు ఒక్కటీ ఆడనివాళ్లు డక్ డిటెక్టివ్‌తో మొదలుపెట్టండి. ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. ఈ రకం మీకు పడుతుందో లేదో తేలిపోతుంది.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు ఏస్ అటార్నీ ట్రిలజీ. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైల్లో తిరిగేవాళ్లకు నెలల తరబడి సరిపోతుంది. ఎక్కడంటే అక్కడ ఆపి, మళ్లీ అందుకోవచ్చు.

లా విద్యార్థులకు నా సలహా కొంచెం వేరు. ముందు ఏస్ అటార్నీలో మొదటి రెండు మూడు కేసులు ఆడండి, తర్వాత ఏవియరీ అటార్నీకి రండి. మొదటిది సాక్షి మాటలో పొసగని చోటు పట్టుకోవడం అలవాటు చేస్తుంది. రెండోది, అన్నీ సరిగా చేసినా కేసు పోవచ్చన్న సంగతి చూపిస్తుంది. అదాలత్ దగ్గర జూనియర్లుగా తిరిగే పిల్లలకు ఆ రెండో సంగతి ఎంత నిజమో వేరే చెప్పాల్సిన పని లేదు. ఇవి చట్టం నేర్పుతాయని మాత్రం అనుకోకండి. ఒకటి జపాన్ కోర్టు మీద వెటకారంలా ఉంటుంది, ఇంకొకటి 1848 నాటి ఫ్రాన్స్.

పిల్లలున్న ఇంటికి ఫ్రాగ్ డిటెక్టివ్. పదమూడు పద్నాలుగేళ్లు దాటిన పిల్లలైతే ఏవియరీ అటార్నీ పెట్టొచ్చు, కానీ అందులో హత్యలూ మరణశిక్షలూ ఉన్నాయని తెలుసుకుని పెట్టండి. పక్షులు కదా అని చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు.

బొమ్మలు గీసేవాళ్లు, చరిత్ర ఇష్టపడేవాళ్లు, ఒక కథకు వేర్వేరు ముగింపులు చూడాలనుకునేవాళ్లు ఆలోచించకుండా ఏవియరీ అటార్నీ తీసుకోండి. ప్రతి గేములోనూ అన్నీ నూటికి నూరు శాతం పూర్తిచేయాలనే పట్టింపు ఉన్నవాళ్లకు మాత్రం నేను దాన్ని చెప్పను. మొదటి ప్రయత్నంలో ఏదో ఒకటి చేజారుతుంది, అది మనసులో ముల్లులా ఉండిపోతుంది. అలాంటివాళ్లకు డక్ డిటెక్టివే నయం.

కొనే ముందు ఒక సంగతి. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్నవాటికి, కొని 14 రోజులు దాటకుండా, ఆడింది 2 గంటలు మించకుండా ఉంటే డబ్బు వాపసు అడగొచ్చు. ఏవియరీ అటార్నీ మీకు పడుతుందో లేదో తెలియడానికి ఆ రెండు గంటలు చాలు, మొదటి కేసు రుచి తెలుస్తుంది. కానీ ఫ్రాగ్ డిటెక్టివ్ లాంటి చిన్న గేమును పూర్తిగా ఆడేసి డబ్బు వెనక్కి అడగొద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకున్న పని అది. డబ్బు ఇబ్బందైతే ఎండాకాలం, చలికాలం సేల్ వచ్చేదాకా ఆగండి, వీటిలో చాలావాటి ధర బాగా తగ్గుతుంది.

చివరికి ఏవియరీ అటార్నీనే ఎంచుకుంటే, మ్యాపులో చోటు ఎంచుకునే ముందు ప్రతిసారీ క్లయింటు చెప్పింది ఇంకోసారి చదవండి. ఎవరు ఏ రోజు ఎక్కడున్నామన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడికి వెళ్లాలో చాలాసార్లు ఆ కాగితమే చెబుతుంది. అయినా మొదటి విచారణ ఎదురుతిరిగిందనుకోండి, వెనక్కి వెళ్లి మళ్లీ ఆడకండి. ఆ ఫలితంతోనే రెండో అంకంలోకి వెళ్లండి. మిగతా దారులు రెండోసారి ఆడేటప్పుడు చూసుకోవచ్చు.